దొరసానికి ఒడిబియ్యం

ఒక సాయంత్రం అన్నం తింటూ మా ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. "నువ్వు మీ మేనమామ ఇంటికి పోతే ముందుగాల ఎవరి కాళ్ళు మొక్కుతవు?"

పెళ్ళయి పదేళ్ళు దాటింది. అప్పటిదాకా ఆయన నన్ను అడిగిందల్లా ఉప్పు గురించి, చెంబు గురించి. నా మొహం చూసి, నా పుట్టింటి సంగతి అడిగింది అదే మొదలు. ఒళ్ళు పొంగిపోయి చెప్పాను. ముందు అమ్మమ్మకు మొక్కుతానని, తర్వాత మామకని, అత్త మాత్రం మొక్కించుకోకుండా బుగ్గ గిల్లుతుందని, అలా గిల్లితే నాకు ఎంత కోపమో అదీ చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. చేయి కడుక్కొని వచ్చి ఒక కాగితం తీసి గబగబా రాసుకున్నాడు.

"ఎందుకు రాస్తున్నరు?" అన్నాను.

"దొరసాని అడిగి రమ్మన్నది" అన్నాడు.

ఆ రోజు మొదలైన కడుపుమంట ఇదిగో, ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. ఎవరైనా వినేవాళ్ళుంటే చెబుదామని ఇన్నాళ్ళూ చూశాను. ఎవరికి చెప్పినా నన్ను మెచ్చుకుంటారు తప్ప నా బాధ వినరు. అందుకే రాస్తున్నాను.

అది పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. మేం సూర్యాపేటలో ఉండేవాళ్ళం. మా ఆయన బడిపంతులు. పాఠం ఉర్దూలో చెప్పాలా తెలుగులో చెప్పాలా అని పైవాళ్ళు తేల్చుకునేలోపు బడి సగం రోజులు మూసే ఉండేది. సరిగ్గా అప్పుడు వచ్చి దిగారు ముగ్గురు తెల్లవాళ్ళు, జీపు వేసుకుని, ముసాఫిర్ బంగ్లాలో. ఆసియా ఖండంలో మనుషులు ఎట్లా బతుకుతారో తెలుసుకోవడానికి ఏదో దూరదేశపు విశ్వవిద్యాలయం పంపిందట వాళ్ళను. ఇంగ్లీషు తెలిసిన మనిషి కావాలని అడిగితే ఊరంతా మా ఇంటి వైపే చేయి చూపించింది.

ముగ్గురివీ మూడు శాస్త్రాలట. తెల్లజుట్టు పెద్దాయన నేలను, నీళ్ళను, పంటను చూస్తాడు. బక్కపల్చటాయన ఒక యంత్రం ముందు పెట్టుకుని పాటలు, మాటలు పట్టుకుంటాడు. దొరసాని చుట్టరికాలు చూస్తుంది. ఎవరిది వాళ్ళు చూస్తే మనిషి సగమే కనబడతాడట. అందుకని ముగ్గురూ ఒకే ఊళ్ళో కూర్చొని, ఒకరు చూసింది ఇంకొకరికి చెప్పుకొని, అన్నీ కలిపి ఒక పుస్తకం చేస్తారట. మా ఆయన ఇదంతా చెబుతుంటే ఆయన కళ్ళలో వెలుగు చూడాలి. పెళ్ళిపీటల మీద కూడా అంత వెలుగు లేదు.

"మరి గా పెద్దాయన వెంబడి పోరాదుండ్రి?" అన్నాను.

"ఆయన మట్టి పిసికి చూస్తడు, మాటలతోని పని తక్కువ. దొరసానికే దుబాసీ కావాలె."

సబబైన జవాబే. ఒళ్ళు మండేది అందుకే.

వారానికోసారి గడ్డం గీసుకునే మనిషి రోజూ గీసుకోవడం మొదలుపెట్టాడు. అంగీ మీద చిన్న మరక ఉన్నా మార్చేవాడు. పొద్దున జీపు వచ్చి వాకిట్లో ఆగేది. ముందు సీట్లో ఆమె, వెనక ఈయన. ఈయన ఏదో అంటాడు, ఆమె నవ్వుతుంది. ఆమె ఏదో అంటుంది, ఈయన నవ్వుతాడు. నాకు ఇంగ్లీషు రాదు. మాటకు నవ్వుతున్నాడో, మనిషిని చూసి నవ్వుతున్నాడో నాకు తెలిసేదెట్లా?

ఆమె గొప్ప అందగత్తె అయినా బాగుండేది, సరేలే అనుకొని ఊరుకునేదాన్ని. ఎండకు కమిలిన మొహం, దాని నిండా గోధుమరంగు చుక్కలు, మగవాళ్ళ చెప్పులు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నదై ఉంటుంది. ఆమె దగ్గరున్నదల్లా ఒకటే. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే రెప్ప వేయకుండా వింటుంది. మా ఆయనకు అది కొత్త. పొయ్యి మీద అన్నం మాడుతుంటే, కుండలో నీళ్ళు నిండుకుంటే, అట్లా రెప్ప వేయకుండా వినే తీరిక నాకెక్కడిది?

ఇంతవరకూ అయినా ఓర్చుకునేదాన్నే. మా అమ్మ ఓర్చుకోనియ్యలేదు.

మా పుట్టిల్లు మిర్యాలగూడ అవతల నిడమనూరు. వరికోతల కాలంలో ముగ్గురు తెల్లవాళ్ళూ, మా ఆయనా అక్కడికి వెళ్ళి కొన్నాళ్ళు ఉన్నారు. మా ఊళ్ళల్లో వరస లేని మనిషి ఉండడు. కులం వేరైనా, మతం వేరైనా, గాజులు అమ్మవచ్చే ముసలమ్మ అయినా ఎవరికో ఒకరికి అత్తో అక్కో కావలసిందే. మా అమ్మ అయితే వరస కలపనిదే మంచినీళ్ళు కూడా ఇవ్వదు. దొరసానికి అన్నం పెట్టి, తల నిమిరి, "నువ్వు నా చిన్నబిడ్డ లెక్కనే" అన్నదట. ఆ మహాతల్లి చదువే చుట్టరికాల చదువాయె. వేళ్ళు మడిచి లెక్కగట్టి, పుస్తకాల్లో నేర్చుకున్న కొద్దిపాటి తెలుగులో, "నేను మీ చిన్నకూతురిని. కాబట్టి మీ పెద్దకూతురు నాకు అక్క. అక్క భర్త నాకు బావ" అని అప్పజెప్పిందట. కోతలకొచ్చిన ఆడవాళ్ళంతా, లెక్క సరిగ్గ జెప్పింది పో అని చప్పట్లు కొట్టారట.

నిడమనూరులో అల్లుడంటే ఆడపిల్లలకు ఆటబొమ్మ. చెప్పులు దాచిపెడతారు, తమలపాకులో మిరియాలు పెట్టి ఇస్తారు. వాళ్ళను చూసి దొరసాని కూడా మా ఆయన చెప్పులు గడ్డివాములో దాచిందట. ఇదంతా నాకు చెప్పింది ఎవరో కాదు, మా అమ్మే. నవ్వాపుకోలేక కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ చెప్పింది.

"నీకు ఇంకో వరస దొరకలేదానమ్మా?" అన్నాను.

"బిడ్డ అంటే తప్పేందే? నేనేమన్న అల్లున్ని రాసిచ్చిన్నా?"

కన్నతల్లితో ఏం వాదిస్తాం.

వాళ్ళు సూర్యాపేటకు తిరిగొచ్చిన మర్నాడు దొరసాని మా వాకిట్లో నిలబడి, "అక్కా, బావ ఉన్నాడా?" అని కేకేసింది. పక్కింటామె మిరపకాయలు ఎండబోస్తూ చేయి ఆపేసింది. మాకు అప్పటికి పిల్లల్లేరు. పిల్లల్లేని ఇంట్లో మరదలు అనేది ఊరికే పోయే మాట కాదు. పెద్దదానికి కడుపు పండకపోతే చిన్నదాన్ని కూడా అదే ఇంటికి ఇచ్చిన ఇళ్ళు మా వాడలోనే ఉన్నాయి. పక్కింటామె నావైపు చూసిన చూపులో జాలి ఉంది. ఆ జాలి చూసి నాకు దొరసాని జుట్టు పట్టుకుందామనిపించింది.

చలికాలం చివర్లో అసలు సంగతి బయటపడింది. ఇక్కడ పని అయిపోవస్తున్నది. ఇక్కణ్ణుంచి వాళ్ళు మద్రాసు వెళతారు. అక్కడ కూర్చొని రాసుకున్నదంతా సాఫు చేసి, తర్వాత మలయా పోతారు. అక్కడి రబ్బరు తోటల్లో మన తెలుగు కూలీలున్నారట. మా ఆయనను వెంట రమ్మన్నారు. ఏడాదో, ఏడాదిన్నరో.

"ఏమన్నరు మీరు?"

"ఏమనలేదు ఇంకా" అన్నాడు నేల చూస్తూ. "అమ్మ ఏమంటదో."

"ఏమంటదా? మరదలిని ఎంటేసుకొని దేశాలు తిరుగుత అంటే అత్తమ్మ తలుపు మూస్తది. ఊరు మొహాన ఉమ్ముతది."

ఆయనకు రెండు భయాలు, వాళ్ళమ్మ మాట, ఊరి నోరు. నా భయం మూడోది కాదు, అసలు లెక్కలోనే లేదు. అయినా ఆ రెండు భయాలే నాకు అండ అని ఆ రోజు తెలుసుకోలేకపోయాను. నాకు కావలసింది ఒక్కటే అనిపించింది. ఆమె నోట "బావ" అనే మాట పోవాలి.

ఎట్లా పోతుంది? కొట్టి పోగొట్టలేం. వరసను వరసతోనే మార్చాలి. నిడమనూరు ఆమెను నాకు చెల్లెల్ని చేసింది. మా అత్తగారి ఊరు చిలుకూరు ఆమెను మా ఆయనకు చెల్లెల్ని చెయ్యాలి. దానికి మా దగ్గర ఉన్న మార్గం ఒడిబియ్యం. పెళ్ళయిన ఆడపిల్లను పుట్టింట్లో పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ ఒడిలో పోసి పంపుతారు. నా చేత్తో ఆ బియ్యం ఆమె ఒడిలో పడితే చాలు. ఆమె మా అత్తమ్మకు బిడ్డ, మా ఆయనకు చెల్లె, నాకు ఆడబిడ్డ. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కోదాడ పక్కన చిలుకూరులో మా అత్తమ్మ ఒక్కతే ఉండేది. మామ పోయి చాలా ఏళ్ళయింది. మద్రాసు పోయే ముందు తెల్లవాళ్ళు ఆఖరి మకాం అక్కడే పెడితే, మా ఆయన వెంట నేనూ వచ్చాను. నా ఆలోచన చెబితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"పెనిమిటి ఉన్నడానే ఆమెకు? లేనోళ్ళకు పొయ్యకూడదు."

"ఉన్నడత్తమ్మా. వేలికి ఉంగరం ఉంది. వాళ్ళల్ల ఉంగరమే పుస్తె అంట, మీ కొడుకే చెప్పిండు."

మాలో మొగుడు పోతే పుస్తె తీసేస్తారు. ఉంగరం ఉందంటే మొగుడున్నట్టే అనుకున్నాను. ఇంకో తీరు ఉంటుందని నా బుర్రకు తట్టనే లేదు. మొగుడుండి కూడా నా మొగుడి మీద పడిందేమిటా అని అది ఇంకో మంట.

మా ఆయన అప్పుడు పెద్దాయనతో కోదాడ వైపు చెరువులు చూడటానికి వెళ్ళాడు. దొరసాని చిలుకూరులోనే ఉంది. ఒడిబియ్యం పోస్తాం కూర్చో అంటే ఎగిరి గంతేసినంత పని చేసింది. నా పెట్టెలోంచి ఎర్రంచు చీర తీసి నేనే కట్టాను. కుచ్చిళ్ళు కొంచెం గట్టిగానే లాగి దోపాను. వాడలో ముత్తైదువలంతా వచ్చారు. బక్కపల్చటాయన యంత్రంతో ఒక మూల చేరాడు. మా అత్తమ్మ మాత్రం లోపలి గడప దాటి రాలేదు. మొగుడు పోయినవాళ్ళు అట్లా వెనకనే నిలబడాలి.

ఆమెను పీట మీద కూర్చోబెట్టాం. మా వాళ్ళకు ఒక సరదా ఉంది. మొగుడి పేరు చెప్పించనిదే ముందుకు కదలరు. మా ఆడవాళ్ళం ఎంత సిగ్గుపడతామో, ఎన్ని మెలికలు తిరుగుతామో చూసి నవ్వుకోవడం.

"మీ ఆయన పేరు జెప్పు. లేకుంటే బియ్యం పడయి" అన్నది ఒకామె.

దొరసాని సిగ్గుపడలేదు. ఎదురుగా ఉన్న మనిషిని పిలిచినట్టు పేరు చెప్పింది. అందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. అప్పుడు ఆమె తన పుస్తకాల తెలుగులో మెల్లగా అన్నది. "ఆయన ఇప్పుడు లేడు. యుద్ధంలో చనిపోయాడు."

నవ్వు ఆగిపోయింది. తాంబాళం పట్టుకున్నామె ఒకడుగు వెనక్కు వేసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది, ఆమె చదివిందే అది. "నాకు తెలుసు. లేస్తాను" అని కుచ్చిళ్ళు పట్టుకుంది.

అప్పుడే జీపు వచ్చింది. మా ఆయన వాకిట్లోంచి లోపలికి వచ్చి, చీరలో ఉన్న ఆమెను, వెనక్కు జరిగిన ఆడవాళ్ళను చూశాడు. ఏమైందని పక్కామె చెవిలో చెబితే విన్నాడు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. దాంట్లో ఆశ్చర్యం లేదు. ఆమె మొగుడు లేడని ఆయనకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. నాకు చెప్పలేదు.

నా లోపల భగ్గుమన్నది. మొగుడు లేడు. అంటే ఆమె కోసం ఏ ఇంట్లో ఎవడూ ఎదురుచూడటం లేదు. ఇప్పుడు పీట మీంచి లేచిందంటే మళ్ళీ మరదలే, అందులోనూ ఏ అడ్డూ లేని మరదలు. ఆచారం గీచారం నాకు ఏదీ గుర్తు రాలేదు. ఆమె భుజం మీద చేయి వేసి, "కూసో" అని నొక్కి కూర్చోబెట్టాను. తాంబాళం లాక్కొని రెండు చేతులా బియ్యం ఎత్తి ఆమె ఒడిలో పోశాను. మళ్ళీ పోశాను. కుడుకలు, ఖర్జూరాలు, రవికెగుడ్డ అన్నీ పోసి, ఒక్క గింజ మిగల్చకుండా తాంబాళం బోర్లించాను.

ఎవరైనా నన్ను తిడతారనుకున్నాను. అందరికంటే ముసలామె కళ్ళు తుడుచుకొని, "ఏం గుండె బిడ్డా నీది" అన్నది. మా అత్తమ్మ గడప దాటి ముందుకు వచ్చింది. అటువంటి చోటికి ఆమె అడుగుపెట్టడం నేనెన్నడూ చూడలేదు. మామ పోయిన నాటినుంచి ఆమె ఒడిలో పుట్టింటివాళ్ళెవరూ బియ్యం పోయలేదు. వచ్చి దొరసాని నెత్తి మీద చేయి పెట్టి, "నా బిడ్డ" అని ఏడ్చింది. దొరసాని నా చేతులు పట్టుకొని, "వదినా" అని ఏడ్చింది. హమ్మయ్య, వదిన అన్నది అనుకున్నాను.

తెల్లవాళ్ళు ముగ్గురూ అరుగు మీద కూర్చొని చాలాసేపు మాట్లాడుకున్నారు. మా ఆయన వచ్చి నాకు చెప్పాడు. "ఏమంటున్నరో తెలుసా? దయ కోసం ఆచారాన్ని దాటే గుణం ఈ సంఘంల ఉందట. ముగ్గురు మూడు తీర్ల రాసుకుంటున్నరు. ఇది పుస్తకంల పెడతరట."

"పెట్టుకోనియ్యున్రి" అన్నాను.

మూడు శాస్త్రాలూ కలిసి చూశాయి. ఎదురుగా నిలబడ్డ కుళ్ళుబోతు పెళ్ళాం ఒక్కదానికీ కనబడలేదు. అట్లా అంటాను గానీ, మా ఆయన ఆ మాట చెబుతూ నన్ను చూసిన చూపుంది చూశారూ, దానికి నేను కరిగిపోయాను. పదేళ్ళలో నన్ను అట్లా చూడలేదు. ఆ సాయంత్రం కూనిరాగం తీస్తూ బూరెలు వండాను.

మర్నాడు పొద్దున వాళ్ళు బయల్దేరుతుంటే నిన్నటి ముసలామె వచ్చింది. దొరసాని నడుముకు కట్టిన ఒడిబియ్యం మూట సరిచేస్తూ అన్నది. "గడప దాటక ముందు మీ అన్నను ఏమన్న అడుగు బిడ్డా. ఆవునడుగుతవో, దూడనడుగుతవో. ఒడిబియ్యం కట్టుకున్న ఆడబిడ్డ అడిగితే లేదనకూడదు."

ఆ సంగతి నాకు తెలియనిదా? నిడమనూరులో మా అన్నలను నేను అడగలేదా? అయినా నాకు గుర్తు రాలేదు.

దొరసాని మా ఆయన వైపు తిరిగింది. నవ్వలేదు. "అన్నా, నా వెంట రా. ఈ పని పూర్తి చేద్దాం" అన్నది.

ఆడవాళ్ళంతా ఇగ తప్పదు పో అని నవ్వారు. మా ఆయన వాళ్ళమ్మను చూశాడు. నేనూ ఆమెనే చూశాను. ఎంత ఆశగా చూశానో నాకే తెలుసు. మా అత్తమ్మ కొంగుతో కళ్ళొత్తుకొని, "పో కొడుకా. నీ చెల్లె ఒక్కతి ఎన్నని తిరుగుతది? తోడుగ పో" అన్నది.

అప్పుడు తెలిసింది నేనేం చేసుకున్నానో. మరదలితో పోతానంటే వాళ్ళమ్మ తలుపు మూసేది, ఊరు ఉమ్మేది. చెల్లెతో పోతానంటే ఎవరేమంటారు? ఆయన్ను నా ఇంట్లో ఆపి ఉంచిన రెండు భయాలనూ నేనే, రెండు చేతులా ఎత్తి, ఆమె ఒడిలో పోశాను.

ఆయన నా దగ్గరికి వచ్చి, "నువ్వేమంటవు?" అన్నాడు.

వద్దనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకంటే కుళ్ళుకున్నాను కనక అని చెప్పాలి. నిన్నటినుంచి వాడ వాడంతా నన్ను దేవతను చేసి కూర్చోబెడితే, ఏ నోటితో చెప్పను?

"ఆడబిడ్డ మాట తీసెయ్యొద్దు గదా" అన్నాను.

బెజవాడ పోయి రైలెక్కుతారు. నేనూ మా అత్తమ్మా బండి కట్టించుకొని కోదాడ దాకా వెళ్ళాం సాగనంపడానికి. రోడ్డు మీద జీపు ఆగి ఉంది. ఆయన పెట్టె ఎక్కించాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. దొరసాని నన్ను గట్టిగా కావిలించుకుంది. జీపు కదిలింది. ఆయన వెనక్కు తిరిగి చేయి ఊపుతూనే ఉన్నాడు, ఆమె కూడా ఊపుతున్నది.

నాకు ఏడుపు ఆగలేదు. నడిరోడ్డు మీద, బస్సు కోసం నిలబడ్డ జనం చూస్తుండగా, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఆయన ఎవత్తెనో వెంటేసుకొని పోయుంటే నలుగురు నా చుట్టూ చేరేవాళ్ళు, నాతో కలిసి ఆమెకు శాపనార్థాలు పెట్టేవాళ్ళు. మా అత్తమ్మ నా వీపు నిమురుతూ, "ఊకోవే పిల్లా. సొంత అక్కచెల్లెళ్ళు కూడ గిట్ల ఏడ్వరు. ఆడబిడ్డ అంటే గంత పాణమా నీకు?" అన్నది.

"అవునత్తమ్మా" అన్నాను.